సర్వే ఏడాది

పాతపోస్టాఫీసు వెనక మా చర్చిలో
కుర్రాళ్లు థర్మాకోలుతో పశువుల పాక కడుతున్నారు.
హేరోదు కోటకి రంగు చాల్లేదని
ఎవడో పోర్టు గోడ మీది ఇనుపరాతి దుమ్ము
గుడ్డతో తుడిచి తెచ్చాడు.
బాగానే అంటుకుంది.

నన్ను చార్టు రాయమన్నారు.
"రెవెన్యూలో చేశారు కదండీ,
ఆ జనాభా లెక్కల సంగతి నాలుగు ముక్కలు రాయండి."
ముప్పై నాలుగేళ్లు నేను రాసినవి నాలుగు ముక్కలే:
పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, వేలిముద్ర.

రాయబోతే తేదీలు కలవలేదు.
హేరోదు మట్టిలో కలిసిన పదేళ్లకి గాని
కురేనియ అనే దొర యూదయకి లెక్కల పుస్తకం తేలేదు.
లూకా ఇద్దర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టాడు.
ఇలాంటి ఫైలు నా బల్ల మీదికొస్తే
ఎర్రసిరాతో గీత కొట్టి వెనక్కి పంపేవాణ్ణి.

పంపాను కూడా.

నల్లమొగలో, ఊరు లేపేసే ముందు,
గరికిన పరదేశమ్మ చేపల తట్ట దించి
నా కుర్చీ ఎదుట గొంతుక్కూర్చుంది.
"బిడ్డ ఎప్పుడు పుట్టాడు?"
"సర్వే ఏడాది బావూ. గొలుసులట్టుకుని ఒచ్చినారు కాదేటి, ఆయేడే.
అందుకే సర్వేశ్వర్రావని పేరెట్టినాం."
"మీ ఆయన?"
"గాలోనకి పోనాడు. ఆయేడే."
రికార్డులో సర్వేకీ గాలివానకీ నడుమ
తొమ్మిదేళ్లున్నాయి.
ఎలా కుదురుతుందమ్మా అన్నాను.
ఈత రానివాణ్ణి చూసినట్టు చూసింది.
"మాకు రొండూ ఒకటే బావూ."

తేదీ నిర్ధారణ కాలేదు, అని రాశాను.
ఆ మూడు మాటల కంతలోంచి
తల్లీ కొడుకూ జాబితా బయటికి జారిపోయారు.
తర్వాతెప్పుడో, చేపల రేవులో ఎవరో అన్నారు,
సర్వేశ్వర్రావు వీరావల్ బోట్ల మీదున్నాడని.
ఐగుప్తు ఎంత దూరమో
అప్పుడు మ్యాపులో చూశాను.

హేరోదూ రేవు కట్టినవాడే.
నడిసముద్రంలోకి దిమ్మలు దించి,
దానికి కైసరు పేరు పెట్టి, వంగి దణ్ణం పెట్టాడు.
మన రేవు నోట్లో రెండు పాత ఓడల్ని ముంచి
అలని ఆపారంటే నమ్మని కుర్రాళ్లు
ఇదీ నమ్మలేదు.
కన్నకొడుకుల్ని చంపించాడంటే మాత్రం
ఠక్కున నమ్మారు.

మరి బేత్లెహేము పసివాళ్లు ఎంతమంది?
ఆ కాలపు చరిత్రల్లో ఆ ఊసే లేదు.
చిన్న ఊరు. ఇరవై మంది ఉంటారేమో.
ఇరవై అంటే నా రిజిస్టర్లో సగం పేజీ.
సగం పేజీ కోసం ఏ రాజధానిలోనూ
ఎవరూ సిరా విప్పరు.

కురేనియ లెక్కలప్పుడు గలిలయవాడొకడు
మమ్మల్ని లెక్కపెట్టడానికి మీరెవరని లేచాడట.
అలా లేచినవాళ్లని ఏ పద్దు కింద రాస్తారో
నాకు బాగా తెలుసు:
శాంతిభద్రతలు.

రాత్రి పదయ్యింది. డాల్ఫిన్స్ నోస్ మీది దీపం
కిటికీలోకి ఒకసారి వచ్చి, ఏమీ అడక్కుండా పోయింది.
చార్టు మీద ఇంతే రాశాను:
"ఈ కథ చెప్పినవాడికి
పన్ను ఏడాదీ రాజు ఏడాదీ బిడ్డ ఏడాదీ
ఒకటే."
పాస్టరుగారు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని,
కింద ఒక వాక్యం ఖాళీ వదలమన్నారు.

పాకలో గొల్లలున్నారు, జ్ఞానులున్నారు,
ఒక కాలు విరిగిన ఒంటె ఉంది.
లెక్క రాసినవాడు లేడు.
ఆ రాత్రి వాడూ ఎక్కడో దీపం కింద మేలుకునే ఉంటాడు.
యోసేపు, దావీదు వంశం, వడ్రంగి.
వెంట ఆడమనిషి, నిండు నెలలు.
కడుపులో ఉన్నవాడికి గడి లేక
కలం ఒకసారి విదిలించి
తర్వాతి వాణ్ణి పిలిచి ఉంటాడు.

మట్టి మిగిల్తే ఒక గుమాస్తాని చెయ్యండర్రా, అన్నాను.
చేశారు. కుర్చీలో కూర్చోబెట్టారు.
రంగు అయిపోయిందని
కోటకేసిన దుమ్మే పూశారు.